గొంతులు అడుగుతూ గిద్దలూరు దాకా

చందాలు అడగడం నాకు బాగా వచ్చు. వీధి లైబ్రరీకి అడిగాను, వరద బాధితులకి అడిగాను, వద్దన్నా వినకుండా కాలనీ వినాయకుడికీ అడిగాను. మనిషిని పట్టుకుని నీ గొంతు ఇవ్వమని అడగడం మాత్రం ఈ ప్రయాణంలోనే మొదలుపెట్టాను.

ఫోన్‌లో మాట్లాడితే తెలుగులో రాసిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి కొందరం కలిసి తయారుచేస్తున్నాం. దీని వెనక కంపెనీ లేదు, ఎవరికీ జీతాలు లేవు. చదువురాని మనిషి కూడా తన అర్జీ తానే చెప్పి రాయించుకోవాలన్నది మా ఆశ. దానికి తెలుగు నేర్పాలంటే గొంతులు కావాలి. ఫోన్ మీద ఒక వాక్యం వస్తుంది, దాన్ని పైకి చదవాలి. ఎక్కడో ఉన్న ఇద్దరు వలంటీర్లు అది విని సరే అనాలి. ఇద్దరూ సరే అంటేనే ఆ గొంతు మా దగ్గర ఉంటుంది. కాదంటే కొన్నాళ్లకి చెరిగిపోతుంది.

మా గుంటూరు, కృష్ణా గొంతులు కుప్పలుగా పోగయ్యాయి. పడమటి ప్రకాశం వాళ్లు మాట్లాడితే మాత్రం సాఫ్ట్‌వేర్ బిక్కమొహం వేస్తోంది. ఎవరో ఒకరు వెళ్లి వలంటీర్లని పోగుచేయాలన్నారు. స్కూలు సెలవులు నాకే ఉన్నాయి. మాది తెనాలి. మార్కాపురం వెళ్తున్నానంటే మా ఆడపడుచు, "అక్కడ మనకెవరున్నారు?" అంది. ఎవరూ లేరు, అందుకే వెళ్తున్నానన్నాను.

మార్కాపురం

స్టేషను ఒక చోట, ఊరు ఒక చోట. ఆటోలో పోతుంటే రోడ్డు పక్కన పలకరాయి ముక్కలు గుట్టలుగా పడి ఉన్నాయి. నేను అ ఆ లు దిద్దిన పలక కూడా ఇటువైపు నుంచే వచ్చి ఉంటుంది. మా ఊళ్లో కాలవ చూస్తూ పెరిగినదాన్ని, ఆ ఎండనీ ఆ బూడిద రంగు దుమ్మునీ చూస్తే గొంతు దానంతటదే ఎండిపోయింది.

సుభాన్‌కి బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ రిపేరు దుకాణం ఉంది. ఈ ప్రాంతం మొత్తానికి మా ప్రాజెక్టులో ఉన్న ఒకే ఒక్క వలంటీరు అతను. ఫోన్లు బాగుచేయడం కన్నా చిప్పుల్లో పాటలు ఎక్కించడమే అతనికి ఎక్కువ పని. బటన్ ఫోన్లు పట్టుకుని ఊళ్ల నుంచి వస్తారు. అయ్యప్ప పాటలు కావాలంటే అయ్యప్ప పాటలు, క్రీస్తు పాటలు కావాలంటే అవి, ఒక చిప్పు నిండా ఎక్కించి ఇస్తాడు. మా ఊళ్లో ఈ బేరం ఎప్పుడో అయిపోయింది. ఇక్కడ ఇంకా క్యూ ఉంది.

అతనే నన్ను ఒక డిగ్రీ కాలేజీకి తీసుకెళ్లాడు. నేను గంభీరంగా ప్రసంగించాను. మన మాటని మనమే బతికించుకోవాలన్నాను. వెనక బెంచీ కుర్రాడు చేయెత్తి, "సర్టిఫికెట్ ఇస్తారా మేడమ్?" అన్నాడు. ఇవ్వమన్నాను. సగం మంది మొహాలు అక్కడే వాడిపోయాయి.

ఒక అమ్మాయి ఫోన్ తీసుకుని మొదటి వాక్యం తనలో తాను చదువుకుంది. 'దయచేసి వరుసలో నిలబడండి' అని ఉంది.

"ఇట్ల ఎవురు మాట్లాడతారు మేడమ్? మా ఊళ్లో ఎవురన్నా ఇట్ల మాట్లాడితే జరం వచ్చిందనుకుంటారు," అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. చాలామంది లింకు తీసుకున్నారు. ఒక్కరూ చదవలేదు.

సాయంత్రం దుకాణంలో టీ తాగుతూ సుభాన్, "పిల్లోళ్లని ఇడిసిపెట్టండి మేడమ్. పెద్దారవీడు అవతల ఒకాయన ఉన్నాడు, యేసోబు. ఆయన చర్చిలో వాక్యం సదివితే బయట గొర్రెలు కాసేటోళ్లు గూడా నిలబడి ఇనేవాళ్లు," అన్నాడు.

"ఇప్పుడు చదవరా?"

"పలకల మిషన్ కాడ పనిచేసినాడు. దమ్ము పట్టుకుంది."

పెద్దారవీడు దాటాక

ఆ ఊరి పేరు రాయడం లేదు. చిన్న ఊరు, అందరికీ అందరూ తెలుసు. సుభాన్ బండి మీద వెళ్లాం. కంది చేలు కొట్టేసి ఉన్నాయి. మోళ్ల మధ్య మేకలు ఏదో వెతుక్కుంటున్నాయి. నల్లమల దూరంగా నీలంగా ఉంది, చూడ్డానికి చల్లగా ఉంటుంది కానీ ఆ చల్లదనం ఇక్కడిదాకా రాదు.

ఇక్కడ ఇంటికొచ్చిన మనిషికి ముందు క్యాను నీళ్లిస్తారు. బోరు నీళ్లు పళ్లనీ ఎముకల్నీ పాడుచేస్తాయని బంధువులకి పోయరు. ఇంట్లోవాళ్లు మాత్రం క్యాను అయిపోతే అవే తాగుతారు. మా వైపు మంచినీళ్లు అడిగితే ఏ నీళ్లని ఆలోచించం. యేసోబు భార్య మార్తమ్మ గ్లాసు అందిస్తూ, "ఇయి కొన్న నీళ్లే వదినా, భయపడొద్దు," అంది. గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఆవిడ నాకు వదిన అయింది, యేసోబు అన్న అయ్యాడు.

ఆయనకి అరవై ఇంకా రాలేదట. చూస్తే డెబ్బై దాటినట్టున్నాడు. నులకమంచం మీద ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి కూర్చున్నాడు. వెనక్కి వాలితే గాలి ఆడదట. మీసాలు రాకముందు నుంచీ మార్కాపురంలో రాయి కోసే మిషన్ దగ్గర పనిచేశాడు. ముక్కుకి తువ్వాలు, అంతే. మొదట టీబీ అన్నారు, ఆ మందులన్నీ మింగాడు. తర్వాత ఇంకో డాక్టరు లోపలికి పోయిన రాతిదుమ్ము ఇక బయటికి రాదని చెప్పాడు. ఈ సంగతంతా మార్తమ్మే చెప్పింది. ఆయన ఊపిరి దాచుకుంటున్నాడు.

నేను వచ్చిన పని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు.

"ఉన్నదే రవ్వంత గొంతు సెల్లెమ్మా. అది గూడా నీకిస్తే నా కాడ ఏముంటది?"

"నీ గొంతు నీ దగ్గరే ఉంటుందన్నా. ఫోన్ అది విని నేర్చుకుంటుంది."

ఆయన కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నేను పోయినాక గూడా ఉంటదా?"

"ఉంటుంది," అన్నాను. అది మా ప్రాజెక్టు కరపత్రంలో ఉన్న మాటే. అందుకే అంత తేలిగ్గా వచ్చింది.

పొయ్యి దగ్గర మార్తమ్మ చేయి ఆగింది. ఆవిడకి చదువు రాదు. పెళ్లయిన నాటి నుంచి రోజూ పొద్దుగూకాక ఆయన బైబిల్లో ఒక అధ్యాయం చదివితే ఆవిడ వినేది. ఏడాది పైనే అయింది, ఆయన చదవలేకపోతున్నాడు. చర్చిలో ఇప్పుడు పాస్టరుగారి అల్లుడు చదువుతున్నాడట. "బస్సు తప్పిపోతదన్నట్టు సదువుతాడు," అంది మార్తమ్మ.

ఆయనకి ఫోన్ ఇచ్చి ఎర్ర బటన్ ఎప్పుడు నొక్కాలో చూపించాను. ఆయన మొహం కడుక్కొచ్చాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. చెప్పులు అవతల విడిచి లేచి నిలబడ్డాడు. కూర్చుని చదవొచ్చన్నా అంటే, "కూచోని ఎట్ల సదువుతారు?" అన్నాడు. తలుపు చెక్క ఒక చేత్తో పట్టుకుని, ఫోన్ ఇంకో చేత్తో పట్టుకుని, మమ్మల్ని బయటికి పొమ్మన్నాడు. ఎదురుగా కొత్త మనిషి ఉంటే చదవలేడట.

మేం ముగ్గురం మేకల చావిడి పక్కన కూర్చున్నాం. మార్తమ్మ జొన్నరొట్టె, కందిపచ్చడి పెట్టింది. ఆ పచ్చడి ఎండుమిర్చి ఘాటుకి నా కళ్లంట నీళ్లు కారాయి. లోపల నుంచి గొంతు గొణుగులాగా వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. కాసేపు వినిపించడం, చాలాసేపు ఆగిపోవడం. ఆగినప్పుడల్లా మార్తమ్మ రొట్టె పట్టుకుని అలాగే ఉండిపోయేది. మళ్లీ మొదలయ్యాక నమిలేది.

"ఏం సదువుతున్నాడో తెల్దు గానీ, ఆయన సదువుతుంటే ఇంటున్నా," అంది.

నీడలు సాగాక ఆయన ఫోన్ తెచ్చి ఇచ్చాడు. పట్టుమని ఇరవై వాక్యాలు లేవు. చొక్కా మొత్తం తడిసిపోయింది. మొహం మాత్రం పెళ్లికొడుకు మొహంలా ఉంది.

గిద్దలూరు

రైల్లో కంభం దాటి గిద్దలూరు చేరాను. ఇక్కడ పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటారు. మరమరాల్ని తడిపి తాలింపు వేయడం టిఫిన్ ఎలా అవుతుందని మొదట అనుకున్నాను. రెండో ప్లేటు అడిగాక ఆ అభిప్రాయం వెనక్కి తీసుకున్నాను.

ఒక కుట్టుమిషన్ల శిక్షణ కేంద్రంలో ఆడవాళ్లు నేను చెప్పిందంతా శ్రద్ధగా విన్నారు. అయ్యాక అందరిలో పెద్దావిడ, "ఊరక రారు మహానుభావులు అంటారు. గొంతు ఇస్తే బ్యాంకులో దుడ్లు లాగేస్తారంట గదమ్మా?" అంది.

"మేం అలాంటివాళ్లం కాదమ్మా."

"లాగేటోడు లాగుతానని చెప్పి లాగుతాడా?"

ఆ ఊళ్లో ఒకావిడ నిజంగానే ఫోన్‌లో ఎవరికో ఏదో చెప్పి కూతురి కాన్పుకి దాచుకున్నదంతా పోగొట్టుకుందట. వాళ్ల భయం వాళ్లది. మిషన్లు మళ్లీ మొదలయ్యాయి, నేను బ్యాగు సర్దుకున్నాను.

హోటల్లో కూర్చుని ఉండగా ఫోన్ వరసగా మోగింది. యేసోబు వాక్యాలు విన్న వలంటీర్ల తీర్పులు వస్తున్నాయి. నా ఫోన్ నుంచి వెళ్లినవి కాబట్టి నాకే వస్తాయి. మొదటిది తిరస్కరించారు. రెండోదీ అంతే. ఒక్కటి కూడా మిగల్లేదు. కారణం చోట, 'చివర అదనపు మాట' అని ఉంది.

అప్పుడు విన్నాను. 'తాళంచెవి బల్ల మీద పెట్టాను' అన్నది వాక్యం. యేసోబు దాన్ని నిదానంగా, ప్రతి మాటనీ విడివిడిగా, బరువుగా చదివాడు. చదివి కొంచెం ఆగి, "ఆమెన్," అన్నాడు. తర్వాతిది, 'మా బడిలో కొత్త టీచర్ చేరారు.' ఆమెన్. ప్రతి వాక్యానికీ ఆమెన్.

నాకు పకపకా నవ్వొచ్చింది. పక్క టేబుల్ ఆయన తిరిగి చూశాడు కూడా. నవ్వు అయిపోయాక ఆయన తలుపు పట్టుకుని నిలబడడం గుర్తొచ్చి, బజ్జీ తినబుద్ధి కాలేదు.

దోర్నాల

శ్రీశైలం పోయే బస్సులన్నీ దోర్నాలలో ఆగుతాయి. కార్లు, మాలలు వేసుకున్నవాళ్లు, ఇడ్లీ ఆవిర్లు, ఆపకుండా అరిచే హోటలు కుర్రాళ్లు. దైవదర్శనానికి పోయే తొందరలో ఉన్న మనిషిని ఆపి గొంతు అడిగితే ఎలా చూస్తాడో అలాగే చూశారు. ఇంత తిరిగితే దొరికింది ఒక్క యేసోబు. ఆ ఒక్కడినీ మావాళ్లే కాదన్నారు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారు, నాకు ఎలుక కూడా దక్కలేదు.

హోటలు వెనక్కి పోయి, తీర్పులు ఇచ్చిన వలంటీర్లలో ఒకరికి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి విశాఖలో ఉంటుంది. చాలా మర్యాదగా మాట్లాడింది.

"ఆమెన్ పెద్ద సమస్య కాదండీ, చివర కత్తిరించేయొచ్చు. కానీ వెనక ఎవరో రంపంతో ఏదో కోస్తున్నారు. ప్రతి క్లిప్పులోనూ ఉంది. ఆ పని ఆగినప్పుడు ఇంకోసారి చదివిస్తారా?"

ఆ ఇంటి చుట్టుపక్కల ఎవరూ ఏమీ కోయడం లేదని చెప్పాను.

"లేదండీ, స్పష్టంగా వినిపిస్తోంది. కొంచెం కోసి ఆపుతున్నారు, మళ్లీ కోస్తున్నారు."

ఫోన్ పెట్టేసి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఇంకోసారి విన్నాను. నిన్న ఆమెన్ విని నవ్వుతూ, మాట ముందు వచ్చే చప్పుడుని పట్టించుకోలేదు. గర్, గర్ మని లోపలికి, గర్ మని బయటికి. పలకరాయి మీద మిషన్ ఆడుతున్నట్టే ఉంది. అది ఆయన రొమ్ము.

మళ్లీ ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. "సారీ అండీ. అయినా అది తీసుకుంటే సాఫ్ట్‌వేర్ తప్పు నేర్చుకుంటుంది కదండీ," అంది. ఆ అమ్మాయి చెప్పింది నిజమే. నాకు ఆ నిజం మీద ఒళ్లు మండింది. వలంటీర్లకి నియమాలు రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే మాట్లాడతారని మేం ఎందుకనుకున్నామో తెలియదు.

మళ్లీ అదే ఊరు

మార్కాపురం బస్సులో దారిలోనే దిగాను, సుభాన్ బండితో వచ్చాడు. ఇన్ని రోజుల్లోనే యేసోబు ఇంకొంచెం వంగిపోయాడు. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "ఒప్పుకున్నారా?"

రొమ్ము సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆమెన్ సంగతి చెప్పాను. వాక్యంలో లేని మాట ఉండకూడదన్నా అన్నాను.

ఆయన నన్నే చూశాడు, చిన్నపిల్ల తెలివితక్కువ ప్రశ్న అడిగితే చూసినట్టు.

"ఆమెన్ అనకుండా ఎట్ల ఆపేది సెల్లెమ్మా?"

చర్చిలో వాక్యం చదివినవాడు ఆమెన్ అంటాడు, కూర్చున్నవాళ్లు ఆమెన్ అంటారు, అప్పుడే చదవడం అయినట్టు. లేకపోతే మధ్యలో వదిలేసి పోయినట్టట. చిన్నప్పటి నుంచీ ఆయన పైకి చదివింది చర్చిలోనూ, ఇంట్లో మార్తమ్మకీ. ఇంకో రకంగా చదవడం ఉంటుందని ఆయనకి తెలియదు.

సరే, ఆమెన్ లేకుండానే చదువుతానని లేవబోయాడు. మంచం పట్టె పట్టుకుని సగం లేచి, దగ్గు వచ్చి, కూలబడ్డాడు. మార్తమ్మ వీపు రాస్తూ, "చాల్లే, ఇంక సదవొద్దు," అంది. దగ్గు తగ్గాక ఆయన నేలవైపు చూస్తూ అడిగాడు.

"అయితే లేనట్టేనా?"

నేను సుభాన్ వైపు చూశాను, సుభాన్ గోడ వైపు చూశాడు. 'ఉంటుంది' అని చెప్పింది నేనే.

మార్తమ్మే అడిగింది. "ఆయన సదివింది నీ ఫోన్లో ఉందా వదినా? ఉంటే మాకియ్యి. మాకు ఆమెన్ ఉన్నా పర్లేదు."

వాళ్లది బటన్ ఫోను. సుభాన్ అది అందుకుని వెనక మూత తీసి చిప్పు చూశాడు. "ఇందులో క్రీస్తు పాటలుండాయి పెద్దమ్మా, నేనే ఎక్కించినా. వాటి పక్కనే ఏస్తా," అన్నాడు. దుకాణానికి వెళ్లి, నా ఫోన్‌లోంచి యేసోబు వాక్యాలన్నీ ఆ చిప్పులోకి ఎక్కించాం. అది తానే తిరిగి ఇచ్చొస్తానన్నాడు సుభాన్, యేసోబు దగ్గర ఎప్పుడూ పైకం తీసుకోలేదట. నేను ఆ సాయంత్రం రైలెక్కాను.

ఇంటికొచ్చాక

మా గ్రూపులో గట్టిగానే పోట్లాడాను. జబ్బు గొంతులకి వేరే చోటు ఉండాలన్నాను. అందరూ ఒప్పుకున్నారు, చేసేవాళ్లు ఇంకా దొరకలేదు. చెప్పిన గడువుకి యేసోబు వాక్యాలు మా దగ్గర చెరిగిపోయాయి. సాఫ్ట్‌వేర్‌కి ఇప్పటికీ ఆ ఊళ్ల మాట అర్థం కాదు.

తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం సుభాన్ ఫోన్ చేశాడు. యేసోబు గురువారం పోయాడని, ఇవాళ ఇంటి ముందు ఆదరణ కూడిక జరుగుతోందని చెప్పాడు. మనిషి పోయాక ఇంటివాళ్లని ఓదార్చడానికి ఊరంతా కూర్చుని ప్రార్థన చేసుకుంటారు.

"పాస్టరుగారు వాక్యం సదవమని అల్లుడిని లేపినాడు మేడమ్. మార్తమ్మ పెద్దమ్మ వద్దన్నది. మా ఇంటాయనే సదువుతాడని ఫోను తీసి మైకు కాడ పెట్టింది. ఇనండి," అని తన ఫోన్ అటు తిప్పాడు.

ముందు ఏదో పాట కొంచెం మోగి ఆగింది. తర్వాత ఆ గొంతు వచ్చింది, నిదానంగా, బరువుగా.

'కిటికీ తలుపులు వేయండి, వాన వచ్చేలా ఉంది. ఆమెన్.'

"ఆమెన్," అన్నారు జనం.

'రేపు ఉదయం బస్సు ఆలస్యంగా వస్తుంది. ఆమెన్.'

"ఆమెన్."

ఎవరూ నవ్వలేదు. ఒక్కో వాక్యానికీ మధ్య ఆ రంపం మైకులో పెద్దగా వినిపించింది, నేను ఇయర్‌ఫోన్లలో విన్నదానికన్నా ఎంతో పెద్దగా. కోసి ఆగుతోంది, మళ్లీ కోస్తోంది. జనమంతా అది అయ్యేదాకా కదలకుండా కూర్చున్నారు. ఆ చప్పుడు ఏమిటని అక్కడ ఒక్కరూ అడగలేదు.